నీరడి చెల్లెలు

నా భార్య మరియకు తోబుట్టువు ఒక్కడే, అన్న హన్మంతు. లింగంపేట నుంచి ఎల్లారెడ్డి పోయే బండ్ల బాట పక్కన మా ఊరు. ఆ ఊరి చెరువుకు అతను నీరడి. తూము తీయడం, మూయడం, వంతుల ప్రకారం నీళ్లను పొలాలకు తిప్పడం అతని పని. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అతనికి వచ్చింది. అందుకు బదులుగా కట్ట కింద ఒక చిన్న మాన్యం మడి ఉండేది. పంట నూర్చినప్పుడు ప్రతి రైతూ కల్లంలో అతని పాలు గింజలు కొలిచి ఇచ్చేవాడు. మా వాడలో చెరువు నీళ్లతో పండిన బియ్యం సొంతంగా వండుకున్న ఇల్లు అదొక్కటే. మిగతా వాళ్లమంతా పరుల పొలాల్లో నాట్లు వేసి, కోతలు కోసి బతికేవాళ్లం.

నాతో పెళ్లయ్యే దాకా ఆమె పేరు మల్లవ్వ. బాప్తిస్మం తీసుకుని మరియ అయింది. హన్మంతు మారలేదు. పోచమ్మకు మొక్కి పార పట్టిన చేతులు ఇంకొకరికి మొక్కవని చెప్పేశాడు. చెల్లెల్ని మాత్రం మల్లవ్వ అనే పిలిచేవాడు. పేరు మార్చుకున్నది దేవుని కోసం గాని తన కోసం కాదు కదా అనేవాడు.

అప్పుడు నేను ఉపదేశిని. చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న సంఘాలకు నడిచి పోయి, వాక్యం చదివి, పిల్లలకు అక్షరాలు దిద్దించి ఇల్లు చేరేసరికి వారం గడిచేది. నేను లేనప్పుడు ఇక్కడి ప్రార్థన మరియ చూసుకునేది. మా దూరపు చుట్టం యాకూబు కామారెడ్డిలో రైలు పట్టాల మీద పని చేసేవాడు. అతను పాత పట్టా ముక్క ఒకటి తెచ్చి ప్రార్థన గుడిసె ముందు వేపకొమ్మకు వేలాడదీశాడు. అదే మా గంట. ఇనుప కడ్డీతో కొడితే దాని మోత చెరువు కట్ట అవతలికి పోయేది. వాడలో గడియారం లేదు. మాపటిపూట మొదటి చుక్క కనబడగానే మరియ బయటికి వచ్చి కొట్టేది. చుక్క కోసం ఆకాశంలో ఏ వైపు చూడాలో ఆమెకు చిన్నప్పుడు తండ్రి నేర్పాడు. నీరడి ఇంటి పిల్ల.

హన్మంతుకు ఆ మోత గిట్టదని మేమంతా అనుకునేవాళ్లం. ఎదురుపడితే ఎత్తిపొడవకుండా పోయేవాడు కాదు.

"ఏం బావా, మీ దేవునికి చెవుడా? రోజు గింత గట్టిగ మొత్తుకోవడితిరి."

మరియ ఊరుకునేది కాదు. "మా దేవునికి మంచిగనే ఇనవడుతది. నీకే చెవుడు. ఇన్నేండ్ల సంది పిలుస్తున్న, ఒక్కనాడన్న అచ్చినవా?"

అతను నవ్వుకుంటూ పార భుజాన వేసుకుని కట్ట మీదికి పోయేవాడు. ఆ ఇద్దరూ ప్రేమగా మాట్లాడుకోవడం నేను వినలేదు. కాని కొత్త బియ్యం వచ్చిన ప్రతి ఏడాదీ మొదటి చాటెడు మా ఇంటికి వచ్చేది.

తూము కింద కాలువ రెండుగా చీలుతుంది. పై కాలువ కింద పటేలువీ ఆయన పాలివాళ్లవీ పొలాలు. కింది కాలువ కింద చిన్న రైతులవి. వానకాలంలో చెరువు నిండుగా ఉంటే ఎవరికీ గొడవ లేదు. వానలు పోయాక వేసే యాసంగి పంటకు నీళ్లు తగ్గితే వంతులు పెట్టేవారు. పగలు పై కాలువకు, రాత్రి కింది కాలువకు. పొద్దు పొడవగానే నీళ్లు పైకి తిప్పాలి, మాపు చుక్క పొడవగానే కిందికి తిప్పాలి. చీలిక దగ్గర ఒక నోరు మట్టిగడ్డలతో మూసి రెండో నోరు తెరవడమే పని. ఎవరు పెట్టిన కట్టుబాటో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్లనే దాన్ని ఎవరూ కాదనలేదు.

ఆ చుక్క హన్మంతుకు కొన్నేళ్లుగా కనబడడం లేదు. రేచీకటి. పగలు డేగ చూసినట్టు చూసేవాడు, పొద్దు కుంగితే ఏమీ కనబడేది కాదు. ఈ సంగతి భార్య భూదవ్వకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆమె ఎప్పుడైనా మేక కార్జం దొరికితే, రేచీకటికి మందని దాచి తెచ్చి కాల్చి పెట్టేది. గుణం ఇవ్వలేదు. వాళ్లకు ఇద్దరూ ఆడపిల్లలే. కళ్లు లేవని తెలిస్తే నీరడి పని ఆ ఇంటి నుంచి పోతుంది, పోతే తిరిగి రాదు. అందుకని అతను వెలుతురు ఉండగానే కట్ట మీదికి పోయి చీలిక పక్కన కూర్చునేవాడు. వాడలో మరియ గంట కొట్టేది. అతను లేచి చేతులతో తడుముకుంటూ నీళ్లు తిప్పి, కట్ట రాళ్లను కాలితో గుర్తుపట్టుకుంటూ ఇల్లు చేరేవాడు. చెల్లెలు చూసే చుక్కా అతను చూడాల్సిన చుక్కా ఒకటే కాబట్టి ఏ రోజూ తేడా రాలేదు. ఎత్తిపొడుపులు ఎందుకో మాకు తరువాత తెలిసింది. గంటను తాను పట్టించుకోనని ఊరందరికీ తెలియాలి.

యుద్ధం మొదలైందని కామారెడ్డి నుంచి వచ్చేవాళ్లు చెప్పుకుంటున్న కాలం. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. చెరువు సగానికి కూడా రాలేదు. అయినా యాసంగి నాట్లు పడ్డాయి. మా ఆడవాళ్లు పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చేవారు. ఒక మాపు మరియ గంట కొట్టి, పాట ఎత్తుకుని, ప్రార్థన ముగించేసరికి నాట్లకు పోయే సాలవ్వ ప్రార్థన గుడిసె బయట నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. మోకాళ్ల దాకా బురద.

"గీ కాళ్లతోని లోపటికి ఎట్ల రావాలె అక్కా? కడుక్కొని, పొయ్యి మీద ఎసరు పెట్టి అచ్చేటాల్లకు మీ ప్రార్థన అయిపోతది."

మర్నాటి నుంచి మరియ గంటను కొంచెం వెనక్కి జరిపింది. ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చేంత సేపు. నేను ఇంటికి వచ్చినప్పుడు ఆ మాట చెప్పింది. గుడిసె నిండింది, పాటలో గొంతులు ఎక్కువయ్యాయి. సాలవ్వ మొదటిసారి పైకి ప్రార్థన చేసిందని మురిసిపోయింది. నాట్లు దూరపు పొలాలకు జరిగిన కొద్దీ ఆడవాళ్లు ఇంకా పొద్దుపోయి రావడం మొదలైంది. గంట ఇంకొంత వెనక్కి పోయింది.

తక్కువ నీళ్లున్న కాలువలో నీరు నిదానంగా నడుస్తుంది. ముందరి మళ్లు తడిసి చివరికి చేరేసరికి తెల్లవారేది. గంట వెనక్కి జరిగాక చివరి మళ్లకు అసలు చేరడమే మానేసింది. ఆ చివరి మళ్లు గంగారాంవి. ఒక రోజు మాపటివేళ అతను కట్ట మీదికి వచ్చి చూస్తే చుక్క బాగా పైకి వచ్చి ఉంది, హన్మంతు తాపీగా కూర్చుని బీడీ తాగుతున్నాడు, నీళ్లు పటేలు పొలంలోకి పారుతున్నాయి. చుక్క పొడిచి ఎంతసేపైందని గంగారాం అడిగాడు. తనకు చుక్క చూపించేటంత పెద్దవాడివైనావా అని హన్మంతు కసిరాడు. నిజం చెప్పడానికి హన్మంతుకు వీలు లేదు. గంగారాం తిరిగి పోయి కింది రైతులందరికీ చెప్పాడు. నీరడి పటేలుకు అమ్ముడుపోయాడని ఊరంతా పాకింది.

మర్నాడు పొద్దున్నే హన్మంతు మా ఇంటికి వచ్చాడు. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. ఎత్తిపొడుపు లేదు, నవ్వు లేదు.

"గంట ఎందుకు ఆలిశం జేస్తున్నవ్?"

"నీకేంది? నువ్వు ప్రార్థనకు అచ్చేదున్నదా?" అంది మరియ, రోజూ అనే ధోరణిలోనే.

అతను గద్దె మీద కూలబడ్డాడు. "నాకు మాపటీలి ఏం కనవడుత లేదు మరియా. నీ గంట ఇనే నీళ్లు తిప్పుతున్న" అన్నాడు. ఆమెను ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

మరియ చేతిలో చాట కింద పెట్టేసింది. ఎప్పటి నుంచి అని అడిగింది. అతను చెప్పాడు. తరువాత ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు, ఈ సంగతి మా గడప దాటకూడదని. "దొంగ అంటే అననీ. తప్పు కట్టించుకొని ఇడిశిపెడతరు, పని నాదే ఉంటది. గుడ్డోడు అన్నరనుకో, ఇగ అయిపోయింది."

ఆ మాపు నుంచి మరియ చుక్క పొడవగానే గంట కొట్టింది. సాలవ్వ వాళ్లు బురద కాళ్లతో బయటే నిలబడ్డారు. నీళ్లు వేళకు తిరిగాయి. ఊరు దాన్ని ఎట్లా అర్థం చేసుకుంటుందో మా ముగ్గురిలో ఎవరమూ ఊహించలేదు. అడిగిన మర్నాటి నుంచే వేళకు తిప్పుతున్నాడంటే అన్నాళ్లూ కావాలనే తిప్పలేదన్న మాట అని కింది రైతులు తేల్చారు. అనుమానం కాస్తా రుజువైంది. అందరూ కలిసి ఎల్లారెడ్డి తహసీలుకు పోయి అర్జీ పెడతామన్నారు.

అర్జీ పోతే అందులో పటేలు పేరు కూడా ఉంటుంది. నిజానికి ఈ విషయంలో ఆయన చేసిందేమీ లేదు. నీళ్లు వస్తుంటే ఎందుకు వస్తున్నాయని అడగలేదు, అంతే. ఇప్పుడు తాను నిర్దోషినని చూపించుకోవాలి. చావడి ముందు పంచాయితీ పెట్టించి, నీరడితో తప్పు ఒప్పించి శిక్ష వేస్తానని కింది రైతులకు మాట ఇచ్చాడు.

పంచాయితీ పట్టపగలు జరిగింది. హన్మంతు తప్పు ఒప్పుకున్నాడు. ఎవరు ఏమిచ్చారని అడిగితే ఎవరూ ఇవ్వలేదు, బద్ధకం వేసి లేవలేదన్నాడు. ఆ జవాబు ఎవరికీ చాలలేదు. నీళ్లను అమ్ముకున్నవాడు బద్ధకం అంటాడా అని గంగారాం లేచాడు. అసలు మాట చెప్పేదాకా వంగబెట్టమన్నాడు పటేలు. ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. పటేలు పాలేరు ఆశన్న పక్కన నిలబడి, బండ జారితే మళ్లీ సర్దుతున్నాడు. వాడ మనుషులం దూరంగా నిలబడి చూస్తున్నాం. హన్మంతు తల పైకెత్తలేదు. అతను లెక్క వేసుకునే వచ్చాడు. కొంతసేపు బండ మోస్తే, కొంత ధాన్యం జరిమానాగా తప్పు కడితే, రేపు మళ్లీ పార పట్టుకుని కట్ట మీదికి పోవచ్చు. బండ ఇంకోసారి జారింది, ఆశన్న సర్దాడు.

నేను మరియ చేయి పట్టుకునే ఉన్నాను. ఎప్పుడు విడిపించుకుందో తెలియదు. చావడి ముందుకు పోయి నిలబడింది. మా వాడ ఆడది అంతవరకు ఎన్నడూ పోని చోటు అది.

"మా అన్న దొంగ గాదు పటేలా. ఆయనకు మాపటీలి కండ్లు కనవడయి. నేను గంట ఆలిశం జేసిన, ఆయన గంట ఇని నీళ్లు తిప్పిండు."

"వద్దే" అన్నాడు హన్మంతు, వంగినవాడు వంగినట్టే. ఆ మాట అతను చాలా మెల్లగా అన్నాడు. కాని అందరికీ వినబడింది. అందువల్లనే అందరూ నమ్మారు.

పటేలు బండ తీయించాడు. చెంబుతో నీళ్లు తెప్పించి తాగమన్నాడు. "ముందుగాల చెప్పద్దారా? కండ్లు లేనోన్ని గిట్ల జేయిస్తనా నేను?" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే జాలి ఉంది. అక్కడున్న వాళ్లంతా ఊపిరి పీల్చుకున్నారు. గంగారాం కూడా తలవంచుకున్నాడు. ఆ మాపటి నుంచి తూము మీదికి ఆశన్న పోతాడని చివర్లో పటేలు చెప్పినప్పుడు, అందులో తప్పేమిటో ఎవరికీ తోచలేదు. గుడ్డివాడికి నీరడి పని ఎవరిస్తారు?

హన్మంతు మా ఇంటి ముందు నుంచే పోయాడు. మరియ ఎదురు పోయింది.

"దొంగ పేరు పోయింది. కూడు పోయింది. సల్లగున్నదా?" అన్నాడు. ఆమె ఏదో చెప్పబోతే వినలేదు. "నువ్వు నాకు చెల్లెవు గాదు, నేను నీకు అన్నను గాదు."

ఆశన్నకు కళ్లు బాగానే ఉన్నాయి. కాని చుక్క పొడిచే వేళ ఇక ఆకాశం చేతిలో లేదు. పటేలు మళ్లు తడిశాక పొడిచేది. హన్మంతు కాలంలో చివరి మళ్లకే అందని నీళ్లు, ఇప్పుడు నడిమి మళ్లకు కూడా అందలేదు. గంగారాం వాడకు వచ్చి హన్మంతు గుమ్మం ముందు నిలబడ్డాడు. నువ్వే నయం, ఎట్లాగైనా మళ్లీ పోయి పటేలును అడుగు, మేమంతా వెనక వస్తామన్నాడు. గుడ్డోని తాన ఏం జూసి అచ్చినవని హన్మంతు తలుపు వేసుకున్నాడు. వరి వెన్ను దీసేటప్పుడు గంగారాం పొలం ఎండింది. అతను కాలువ చీలిక దగ్గరికి పోయి ఆశన్నను పారతో కొట్టాడు. ఆశన్న బతికాడు గాని చేయి పనికి రాకుండా పోయింది. గంగారాంను ఎల్లారెడ్డి ఠాణాకు, అక్కడి నుంచి జైలుకు తీసుకుపోయారు. అతని భార్య ముత్తవ్వ భూమిని పటేలుకు రాసిచ్చి పుట్టింటికి పోయింది. నీళ్లు లేని భూమిని ఇంకెవరు తీసుకుంటారు? మరుసటి ఏడు ఇంకొందరు అదే పని చేశారు. కింది కాలువ పొలాలన్నీ పటేలువి అయ్యాక ఆ కాలువకు వేళకు నీళ్లు రావడం మొదలైంది.

మాన్యం మడి పనితోపాటే పోయింది. హన్మంతు సామాను మూటగట్టుకుని, భార్యనూ పిల్లలనూ తీసుకుని నిజాంసాగర్ కాలువల వైపు కూలికి పోయాడు. అక్కడ నీళ్లకు కొదవ లేదు. చెరకు, వరి, ఏడాది పొడవునా పని. దోమలు కూడా ఏడాది పొడవునా. పోయేటప్పుడు మా ఇంటి వైపు తిరగలేదు. భూదవ్వ తిరిగి చూసింది.

మరియ గంట పని సాలవ్వకు అప్పజెప్పింది. ప్రార్థనకు వచ్చి వెనక కూర్చునేది. తాను చెప్పింది నిజమే కదా, నిజం చెప్పినందుకు ఇట్లా ఎందుకైందని ఆమె నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర వాక్యాలు ఉండేవి. వారం వారం పల్లెపల్లెకూ మోసుకుపోయేవే. ఆమె వాటి విలువ తెలిసే అడగలేదేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అన్నకు రెండు మూడుసార్లు బండ్లవాళ్లతో కబురు పంపింది. జవాబు రాలేదు.

రెండేళ్లు గడిచాక, వానలు వెనకబట్టిన రోజుల్లో భూదవ్వ నుంచి కబురు వచ్చింది. హన్మంతు చలిజ్వరంతో పడి ఉన్నాడు, పిల్లలకు కూడా వస్తున్నది, చేసేవాళ్లు లేరు. మరియ ఆ రోజే ఎల్లారెడ్డి దాకా నడిచి, అక్కడ బండి పట్టుకుని పోయింది. చాలా రోజులు ఉండిపోయింది. వచ్చినప్పుడు చిక్కిపోయి ఉంది. కాని మొహంలో వెలుగుంది. మూట కూడా దించకుండా చెప్పింది.

"మాట్లాడిండు."

ఏం మాట్లాడాడని అడిగాను.

"తూము కాడ ఇప్పుడు ఎవడున్నడని అడిగిండు."

"నిన్ను ఏమన్న అడిగిండా?"

"లేదు. గదే అడిగిండు." మూట దించుతూ, "గంజి తాగిండు. అటెన్క లేచి కూసున్నడు" అంది.

నువ్వేం చెప్పావని అడిగాను. "చెప్పిన ఏదో" అంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

వారం తిరగకుండా ఆమెకు చలి మొదలైంది. కాలువ పక్క జ్వరమే. మొదట ఒకరోజు విడిచి ఒకరోజు వచ్చింది, తరువాత విడవలేదు. కామారెడ్డిలో మిషను దొరగారి దవాఖానా ఉందని యాకూబు చెబితే బండి కట్టించాను. దారిలో ఆమెకు స్పృహ లేదు. కామారెడ్డి ఊరి కొస కనబడుతుండగా బండివాడు ఎద్దులను ఆపి వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. అదే బండిలో తిరిగి వచ్చాం.

మరియను మట్టిచేసిన మూడో రోజో నాలుగో రోజో, పగటిపూట, హన్మంతు వచ్చాడు. వెనక భూదవ్వ, పిల్లలు. నెత్తి మీద మూటలు, చేతిలో కోళ్ల గంప. చుట్టపుచూపుగా వచ్చిన వాలకం కాదు. కబురు అందే వచ్చాడనుకున్నాను. అందలేదు. అతను వాకిట్లోనే నిలబడి నవ్వాడు. ఎన్నేళ్లకో చూసిన నవ్వు.

"ఏది బావా మరియ? పటేలు తానికి పోదామని అచ్చిన. ఆశన్నకు చెయ్యి పోయింది, పటేలు నన్నే పిలువుమన్నడని చెప్పింది గదా. లాంతరు బుడ్డి ఇచ్చి, ఒక మనిషిని జతకిస్తరని."

ఆశన్న చేయి పోగానే పటేలు అతని తమ్ముణ్ని పెట్టుకున్నాడు. హన్మంతు పేరు చావడిలో ఎవరూ ఎత్తలేదు. మంచం మీద పడి ఉన్నవాణ్ని లేపి కూర్చోబెట్టడానికి మరియకు దొరికిన మాట అదొక్కటే అయి ఉంటుంది.

చెప్పాల్సిన వాటిలో పెద్దది ముందు చెప్పాను. భూదవ్వ కోళ్ల గంప కింద పెట్టి శోకం తీసింది. హన్మంతు ఏడవలేదు. గద్దె మీద కూర్చున్నాడు. తరువాత రెండో సంగతి అతనే అడిగాడు, తూము మాట ఏమైందని. అదీ చెప్పాను.

"అబద్ధం జెప్పుడు ఎప్పుడు నేర్సింది బావా అది?" అన్నాడు.

కాలువ దగ్గరి గుడిసె వేరే వాళ్లకు ఇచ్చేసి వచ్చారు కాబట్టి తిరిగి పోవడానికి లేదు. పిల్లలు ఆకలి అన్నారు. సాలవ్వ వచ్చి అందరికీ వండింది.

ఇప్పుడు వాళ్లు మా ఇంటి పక్కనే ఉంటున్నారు. కింది కాలువ పొలాల్లో, ఒకప్పటి గంగారాం మళ్లలోనే, హన్మంతు పటేలుకు కూలి చేస్తాడు. పని మంచిగా చేస్తాడని పటేలు అంటాడు. పొద్దు వాలక ముందే పార భుజాన వేసుకుని ఇంటికి వచ్చేస్తాడు.